మేయరు గారా, మేనేజరు గారా?

ఏవండోయ్, పక్కింటివారూ! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చారా ఏమిటి? దింపేసి రండి. ఇది ఒక్క మాటలో తేలే కబురు కాదు.

మన ఊరికంటూ ఒక రాజ్యాంగం ఉందా? దేశానిది కాదండీ, ఊరిది. అచ్చంగా మన ఊరికే రాసుకున్నది. లేదు కదూ! అమెరికాలో చాలా ఊళ్ళకి ఉంది. దాన్ని చార్టర్ అంటారు. మేయరు ఏం చెయ్యొచ్చు, కౌన్సిలర్లు ఎంతమంది, బడ్జెట్ ఎవరు తయారుచెయ్యాలి, ఎవరు ఎవర్ని ఇంటికి పంపొచ్చు, అన్నీ అందులోనే ఉంటాయి. నచ్చకపోతే ఊళ్ళోవాళ్ళే ఓటేసి మార్చుకుంటారు. ఈ మేయరు పద్ధతి మాకొద్దు, మేనేజర్ని పెట్టుకుంటాం అనొచ్చు. ఇరవై ఏళ్ళు పోయాక, అబ్బే ఆ మేయరే నయం అనొచ్చు. ఊరికి ఏ తరహా పాలన కావాలో ఊరే ఎంచుకోవడం! బట్టల కొట్లో చీరలన్నీ దింపించి ఏదీ కొనని మా ఆవిడకి ఈ సంగతి చెప్తే తెగ నచ్చింది.

నేను సర్వీసంతా మున్సిపల్ ఆఫీసులోనే గడిపినవాణ్ణి కదా. అజెండా కాగితం వాసన ఇప్పటికీ ముక్కులోంచి పోలేదు. మా అబ్బాయి డాలస్‌కి ఉత్తరంగా ఒక ఊళ్ళో ఉంటాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అందరూ చేసేవే మేమూ చేశాం. గుడికెళ్ళాం, కాస్ట్‌కోకెళ్ళాం, సాయంత్రం పార్కులో మనవాళ్ళు కనిపిస్తే మీది ఏ ఊరండీ అని పలకరించాం. ఇంకేం మిగిలింది? ఊరి చార్టర్ తీసి చదవడం మొదలుపెట్టాను. "కొడుకింటికొచ్చి కూడా ఫైళ్ళేనా?" అంది మా ఆవిడ. అననివ్వండి. ఆ రుచి ఆవిడకేం తెలుసు?

టెక్సాస్‌లో జనాభా 5,000 దాటిన ఊరు సొంత చార్టర్ రాసుకోవచ్చు. 1912లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి ఇచ్చిన హక్కు ఇది. కానీ ఒక మెలిక పెట్టారు చూడండి: రెండేళ్ళకోసారి మించి దాన్ని ముట్టుకోకూడదట! ఎవరండీ ఆ మహానుభావుడు? పొద్దున చేసిన తీర్మానాన్ని సాయంత్రం రద్దు చేసే కౌన్సిల్ని కళ్ళారా చూసినవాడే అయ్యుండాలి.

ఈ హక్కు వాళ్ళకీ ఊరికే రాలేదు లెండి. ఒకప్పుడు అక్కడా ఊరి పెత్తనమంతా రాష్ట్ర శాసనసభదే. ఆ పట్టు మొదట సడలించింది మిస్సోరీ రాష్ట్రం, 1875లో. మరుసటేడే సెయింట్ లూయిస్ తన చార్టర్ తనే రాసుకుంది. ఇక చూస్కోండి, ఒకర్ని చూసి ఒకరు.

సరే, ఎంచుకోవడానికి ఏమేం ఉన్నాయంటారా? మేయరూ కౌన్సిలూ ఉన్న పద్ధతి మనకి తెలిసిందే. న్యూ ఇంగ్లండ్ వైపు చిన్న ఊళ్ళలో ఊరు ఊరంతా ఒక హాల్లో కూర్చుని బడ్జెట్‌కి చెయ్యెత్తుతారు. అది ఊహించుకుంటేనే నాకు చెమటలు పడతాయి. మన పేటలో వీధి దీపం ఎక్కడ వెయ్యాలన్న దానికే తలలు పగిలాయి, గుర్తుందా? ఈ రెండూ కాక మరో రెండున్నాయి. నేను చెప్పదలుచుకున్నది ఆ రెండింటి కథే. రెండిటి వెనకా నీళ్ళున్నాయి, అదీ విచిత్రం.

మొదటిది గాల్వెస్టన్. టెక్సాస్ సముద్ర తీరంలో దీవి మీద ఊరు. 1900 సెప్టెంబరు 8న తుపాను మీద పడింది. మనకి దివిసీమ ఉప్పెన తెలుసు కనుక నేను వర్ణించక్కర్లేదు. పోయినవాళ్ళు ఆరు వేలకి తక్కువ లేరు. ఊరు మళ్ళీ లేవాలి. పాత కౌన్సిల్ ఈ పని లాక్కురాలేదని ఊళ్ళో పెద్ద వ్యాపారులంతా తేల్చేశారు. 1901లో కొత్త ఏర్పాటు వచ్చింది. అయిదుగురే అయిదుగురు కమిషనర్లు. కూర్చుని చట్టం చేసేదీ వాళ్ళే, లేచి అమలు చేసేదీ వాళ్ళే. ఒకరికి డబ్బు లెక్కలు, ఒకరికి పోలీసులూ ఫైరింజన్లూ, ఒకరికి నీళ్ళూ మురుగూ, అలా తలో శాఖ.

అత్తగారు నలుగురు కోడళ్ళకీ తలొక పొయ్యి పంచి ఇచ్చినట్టన్నమాట. మొదటి నెల ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ తర్వాతే, నా పొయ్యి మీద నీ గిన్నె ఏమిటనే మాట వస్తుంది.

ఏమైతేనేం, గాల్వెస్టన్ లేచి నిలబడింది. సముద్రానికి అడ్డంగా గోడ కట్టుకుంది. చూసినవాళ్ళంతా ఇదేదో మంత్రం అనుకున్నారు. 1907లో డిమోయిన్ నగరం అందుకుంది. ఆ వెనకే వందల ఊళ్ళు. గోడ కట్టింది ఇంజినీర్లూ కూలీలూ అయితే పేరు మాత్రం కమిషన్ పద్ధతికి పోయింది. మన దగ్గరా అంతేగా, వాన పడితే కలెక్టరు మంచివాడు!

ఇప్పుడు రెండోది. వర్జీనియాలో స్టాంటన్ అని చిన్న పట్నం. అక్కడి కౌన్సిల్‌కి రెండు సభలు, వాటికి బోలెడు కమిటీలు. రోడ్డు మీద గుంట పూడ్చాలన్నా కమిటీయే. విసుగెత్తి 1908లో చార్లెస్ ఆష్‌బర్నర్ అనే ఇంజినీర్ని జీతమిచ్చి పెట్టుకున్నారు. ఊరి పనులన్నీ నువ్వు చూసుకో నాయనా, మేం పైనుంచి చూస్తుంటాం అన్నారు. ఈ ముచ్చట రిచర్డ్ చైల్డ్స్ అనే కుర్రాడి కంటబడింది. బాన్ అమీ అని, గిన్నెలూ అద్దాలూ మెరిపించే పొడి తయారుచేసే కంపెనీ వాళ్ళది. అసలు ఈయనకి ఓటు కాగితం మీదే కోపం. ఊరూ పేరూ తెలియని చిన్నాచితకా పదవులకి కూడా ఓటెయ్యమంటే జనం ఏం చూసి వేస్తారు, పార్టీ దళారి చెప్పిన చోట వేస్తారు అనేది ఆయన వాదం. కాగితం పొట్టిగా ఉండాలి. ఎన్నుకునేది కొద్దిమందిని, వాళ్ళంతా కలిసి ఒక మేనేజర్ని పెట్టుకోవాలి, నచ్చకపోతే తీసెయ్యాలి. 1912లో సౌత్ కరోలినాలోని సమ్‌టర్ ఊరు ఈ పద్ధతిని చార్టర్‌లోకి ఎక్కించింది. తళతళా తోమెయ్యడం చైల్డ్స్ ఇంట్లోనే ఉంది కాబోలు.

నీళ్ళేవీ అంటారా? వస్తున్నాయి. 1913 మార్చిలో ఒహాయోలో డేటన్ నగరం వరదలో మునిగింది. ఊరిని ఆదుకున్నది క్యాష్ రిజిస్టర్ల ఫ్యాక్టరీ. దాని యజమాని జాన్ ప్యాటర్సన్. షావుకారు కొట్లో టింగుమని మోగే డబ్బు పెట్టె ఉంటుందే, దాన్ని దేశమంతా అమ్మినవాడు. నీళ్ళు రాగానే ఫ్యాక్టరీలో ఆ పెట్టెల పని ఆపించి పడవలు చేయించాడు. బల్లపరుపుగా ఉండే చెక్క పడవలు, వందల్లో. వాటి మీదే జనాన్ని మిద్దెల పైనుంచి దింపారు. ఇంకో సంగతి వినండి. వరదకి నెల పైచిలుకు ముందే ఈయనకి కోర్టులో శిక్ష పడింది. పోటీ కంపెనీల గొంతు నులిమేశాడని! వరద తీసేసరికి ఆయన హీరో. ఊరిని కంపెనీలాగా నడపాలి అని ఎప్పట్నుంచో అంటున్న ఆయన మాటకి ఇప్పుడు ఎదురులేదు. చార్టర్ మారింది. 1914 జనవరి నుంచి డేటన్‌కి మేనేజరు. అంత పెద్ద నగరం చేశాక ఇక అడ్డేముంది?

ఇక్కడ ఒక్క నిమిషం మన ఇంటి సంగతి. మేనేజరంటే మన మున్సిపల్ కమిషనరే కదా అంటారు మీరు. పని వరకూ అంతే. కానీ మన కమిషనర్ని పంపేది ఎవరు? రాష్ట్ర ప్రభుత్వం. తీసుకెళ్ళేది? అదే. కార్పొరేటర్లు ఎంత అరిచినా ఆయన బదిలీ ఫైలు వాళ్ళ టేబుల్ మీదికి రాదు. అక్కడ కౌన్సిల్ తలుచుకుంటే మేనేజరు పెట్టె సర్దుకోవాల్సిందే. ఇక మేయరు మాటంటారా? 2002లో హైదరాబాద్ జనం నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డి గారిని మేయర్ని చేశారు. 2009 వచ్చేసరికి ఆ ఓటు లేదు. కార్పొరేటర్లే బండ కార్తీకరెడ్డి గారిని ఎన్నుకున్నారు. ఏది మంచిదన్నది అలా ఉంచండి. నేరుగా కావాలా, చుట్టూ తిరిగి కావాలా అని మిమ్మల్నీ నన్నూ ఎవరైనా అడిగారా? చట్టం మారింది, మనం పేపర్లో చదువుకున్నాం. నాకు కడుపుమంట అక్కడే.

పోన్లెండి. మా అబ్బాయి వాళ్ళ ఊళ్ళో కౌన్సిల్ మీటింగుకి వెళ్ళాను. ఎవరైనా వెళ్ళొచ్చు. గుమ్మం దగ్గర చీటీ మీద పేరు రాసి ఇస్తే మాట్లాడనిస్తారు కూడా. మూడు నిమిషాలు. మైకు దగ్గర చిన్న దీపాల పెట్టె. ఆకుపచ్చ వెలిగితే మొదలు, పసుపు పచ్చ వస్తే సర్దుకోవాలి, ఎరుపు వస్తే నోరు మూసుకోవాలి. ఒకాయన పక్కింటివాళ్ళ కంచె గురించి మొదలుపెట్టి, వాళ్ళ కుక్క దాకా వచ్చేసరికి పసుపు పచ్చ వెలిగింది. ఆయన ఊపిరి తీసుకోకుండా కుక్క మొత్తాన్ని ముగించి, "థాంక్యూ మేయర్" అని కూర్చున్నాడు. వాకౌట్ లేదు. మైకు విరవలేదు. ఆఖరి నిమిషంలో దూర్చే టేబుల్ అజెండా కోసం నేను ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశాను. రాలేదు. కొంచెం చప్పగానే ఉందండీ, అబద్ధమెందుకు. మేనేజరు గారు ఒక పక్కన కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడలేదు. అసలు ఊరు నడిపేది ఆయనే అని మా అబ్బాయి చెవిలో చెప్తే గానీ నాకు తెలియలేదు.

అయితే మేనేజరొస్తే ఇక అన్నీ శుభ్రమేనా? కాన్సస్ సిటీ కథ వినండి, నాకు ఇష్టమైనది అదే. టామ్ పెండర్గాస్ట్ అని అక్కడి పార్టీ పెద్ద. ఎవరికి ఉద్యోగం, ఎవరికి కాంట్రాక్టు, అన్నీ ఆయన చేతిలోనే. ఆయన ఆట కట్టించాలని సంస్కర్తలంతా కూడి 1925లో మేనేజరు చార్టర్ తెచ్చారు. చిత్రమేమిటంటే ఆయనా సరే అన్నాడు! ఎందుకో తెలుసా? కొత్త కౌన్సిల్లో ఉండేది తొమ్మిది మందే. అయిదుగురు మనవాళ్ళయితే చాలు. అయ్యారు కూడా. ఆ అయిదుగురూ హెన్రీ మెక్‌ఎల్‌రాయ్ అనే పెండర్గాస్ట్ మనిషిని మేనేజర్ని చేశారు. ఆయన ఊరి పద్దులు రాసే తీరుకి తనే "పల్లెటూరి లెక్కలు" అని పేరు పెట్టుకున్నాడు. ఆ లెక్కల్లో ఊరికి లోటే కనబడేది కాదు. వాగు అడుగున కూడా కాంక్రీటు పరిచారు. కాంక్రీటు ఎవరి కంపెనీదంటారు? మీరే చెప్పండి, నేను నవ్వుతాను. 1939లో ఆదాయప్పన్ను ఎగవేత కింద పెద్దాయన జైలుకెళ్తే గానీ బండారం బయటపడలేదు. మేనేజరు రాజీనామా. ఆ చార్టర్ రాసిన సంస్కర్తల మొహాలు ఒక్కసారి ఊహించుకోండి. తాళం మార్చారు గానీ, కొత్త తాళంచెవి దొంగ చేతికే ఇచ్చారు పాపం.

అందుకే నేనంటాను, పద్ధతి మంచిదా కాదా అని అడక్కండి, ఏ విసుగులోంచి పుట్టిందో అడగండి. ఆ విసుగు తీరాక అదే పద్ధతి కొత్త విసుగు పుట్టిస్తుంది. పోర్ట్‌లాండ్ చూడండి, ఓరెగన్‌లోది.

1913లో ఆ ఊరు కమిషన్ పద్ధతి కట్టుకుంది. మేయరూ, మరో నలుగురు కమిషనర్లూ. శాఖలు పంచేది మేయరే, అలిగితే లాక్కునేదీ మేయరే. దేశంలో మిగతా పెద్ద ఊళ్ళన్నీ ఆ పద్ధతి వదిలేశాయి. కనిపెట్టిన గాల్వెస్టనే 1960లో మేనేజరు వైపు వెళ్ళిపోయింది. పోర్ట్‌లాండ్ మాత్రం చూరు పట్టుకుని వేలాడింది. మరి అందులో సరదా లేదా? ఉందండోయ్. ర్యాండీ లెనర్డ్ అని ఒక కమిషనరు. పూర్వాశ్రమంలో ఫైర్‌మన్. ఆయన చేతిలో నీళ్ళ శాఖ ఉండేది. ఊరి నడిబొడ్డున జనానికి మరుగుదొడ్డి లేదని ఆయన బాధ. 2008లో "పోర్ట్‌లాండ్ లూ" అని ఒకటి నిలబెట్టించాడు. స్టీలు గది. పైనా కిందా పలకలకి సందులుంటాయి, లోపల కాళ్ళు ఎన్నున్నాయో దారిన పోయే పోలీసుకి తెలియాలి కదా! చేతులు కడుక్కునే కుళాయి బయట ఉంటుంది, లోపలే తిష్ట వేసి స్నానాలు చెయ్యకుండా. వేరే ఊళ్ళవాళ్ళు కూడా కొనుక్కున్నారు. బ్రహ్మాండం. కానీ నీళ్ళ బిల్లు కట్టేవాళ్ళు ఊరుకుంటారా? మా కుళాయి డబ్బుతో మరుగుదొడ్లా అని కోర్టుకెక్కారు. నలుగురు కోడళ్ళ వంటిల్లు అంటే ఇదే మరి.

మార్చండి, మార్చండి అని ఎన్నిసార్లు ఓటుకి పెట్టినా పోర్ట్‌లాండ్ జనం వద్దనే అన్నారు. 2007లోనూ వద్దన్నారు. అయితే అదే రోజు ఇంకో ప్రశ్నకి మాత్రం ఊఁ కొట్టారు: కనీసం పదేళ్ళకోసారి ఊళ్ళోవాళ్ళతో ఒక కమిషన్ వేసి చార్టర్‌ని తిరగేయించాలి అని. ఇరవై మంది కూర్చుంటారు. అందులో పదిహేను మంది ఒక మాట మీదికొస్తే కౌన్సిల్ దయ అక్కర్లేదు, ఆ ప్రతిపాదన సరాసరి ఓటు కాగితం మీదికే. గుమ్మం వేసి కిటికీ తెరిచి పెట్టారన్నమాట. 2022లో ఆ కిటికీలోంచే దూరింది. ఇరవై మందిలో పదిహేడు మంది సరేనన్నారు, నవంబరులో జనమూ గెలిపించారు. కమిషన్ పద్ధతి పోయింది. పన్నెండు మంది కౌన్సిలర్లు, నాలుగు జిల్లాలు, జిల్లాకి ముగ్గురు. రోజువారీ పనికి ఒక అడ్మినిస్ట్రేటర్. మేయరు కౌన్సిల్లో కూర్చోడు.

ఓటు వేసే తీరూ మారింది. ఒకటి, రెండు, మూడు అని ఆరుగురి దాకా వరస పెట్టాలి. జిల్లాలో పాతిక శాతం ఓట్లు దాటితే సీటు ఖాయం. 2024లో ఆ పన్నెండు సీట్లకి దాదాపు వంద మంది నిలబడ్డారు. వరస పెట్టలేక జనం తలలు పట్టుకున్నారు. మేయరుగా కీత్ విల్సన్ అనే లారీ కంపెనీ ఆయన గెలిచాడు. 2025 జనవరిలో కొత్త కౌన్సిల్ మొట్టమొదటిసారి కూర్చుని తనకో అధ్యక్షుణ్ణి ఎన్నుకోబోయింది. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు! సరి సంఖ్య పెట్టింది ఏ పుణ్యాత్ముడో గానీ, మా ఆఫీసులో జూనియర్ గుమాస్తాని అడిగినా వద్దని చెప్పేవాడు. విడత మీద విడత ఓట్లేస్తే ఎట్టకేలకి ఎలానా పర్టిల్-గైనీ గారు తేలారు.

ఇటు డాలస్ సంగతి వేరు. 1931 నుంచీ మేనేజరే. 2005లో బలమైన మేయరు కావాలా అని ఏడాదిలో రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ పొమ్మన్నారు. 2024లో సవరణల ఓటు వచ్చినప్పుడు ప్రశ్నలకి పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు యూ దాకా వెళ్ళాయి. ఆ యూ నెగ్గింది. పోలీసు బలగం 4,000 ఉండాలని చార్టర్‌లోనే రాసెయ్యమంది అది. ఇది నాకు నచ్చలేదు సుమండీ. ఊరి రాజ్యాంగంలో కానిస్టేబుళ్ళ లెక్కేమిటి? రేపు చీపుళ్ళ లెక్కా రాస్తారా?

లాస్ ఏంజెలెస్ వాళ్ళది ఇంకా తమాషా. 1925 నాటి చార్టర్ అతుకుల బొంతయిపోయింది. సాన్ ఫెర్నాండో లోయ వాళ్ళు విడిపోతామని గొడవ. సరే, తిరగరాద్దాం అన్నారు. ఎవరు రాయాలి? కౌన్సిల్ ఒక కమిషన్ వేసింది. మేయరు రియార్డన్‌కి దాని మీద నమ్మకం లేక, జనం ఎన్నుకున్న కమిషన్ ఇంకొకటి వచ్చేలా చేశాడు. ఒకే ఊరు, ఒకే చార్టర్, దానికి రెండు కమిషన్లు! ఒకదానికి అధ్యక్షుడు లాయరు, రెండోదానికి లా ప్రొఫెసరు. ఇక ఆ ఊరు గతేమిటనుకున్నారు అంతా. ఆశ్చర్యం, ఇద్దరూ రాజీపడి ఒకే చార్టర్ రాసిచ్చారు. 1999 జూన్‌లో జనం ఒప్పుకున్నారు. ఇద్దరు లాయర్లు కలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టడం నేను నా సర్వీసులో చూడలేదు.

అన్నట్టు, మీ బావమరిది న్యూజెర్సీలో కదూ? అక్కడ 1950 నాటి ఫాక్నర్ చట్టం ఉంది. ఊళ్ళకి తయారుగా పెట్టిన నమూనాలు, కావలసింది ఎంచుకోవడమే. ముందు చార్టర్ పరిశీలించడానికి కమిషన్ కావాలా వద్దా అని ఓటు పెడతారు. అదే కాగితం మీద కిందే ఆ కమిషన్లో కూర్చునే అయిదుగుర్నీ ఎన్నుకోమంటారు. ఇందులో మెలిక చూశారా? వద్దు అని ఓటేసినవాడు కూడా, ఒకవేళ వస్తే వీళ్ళుండాలి అని అయిదుగుర్ని ఎంచుకోవచ్చు! పెళ్ళే వద్దని ముహూర్తానికి శుభలేఖలు కొట్టించడం ఇంతకుముందు ఎక్కడైనా విన్నారా? ఆ అయిదుగురికీ తొమ్మిది నెలల గడువు, జీతం సున్నా, పుట్టబోయేది ఏదైనా మళ్ళీ ఊరి ఓటుకే వెళ్ళాలి. మీ బావమరిదికి పౌరసత్వం వచ్చిందన్నారుగా మొన్న. నిలబడమనండి, ఆ తెలుగు సంఘం ఎన్నికల్లో చూపించే హుషారు ఇక్కడ చూపించమనండి. కావాలంటే నేను అజెండా రాసిపెడతాను.